సముద్రంలో సాల్మన్ వలలు ఉండాలా, తీసేయాలా? బ్రిటిష్ కొలంబియా 2029 గడువు మీద మీ అభిప్రాయాలు

సర్రే శ్రీను

అందరికీ నమస్కారం. బ్రిటిష్ కొలంబియా (బీసీ) తీరంలో సముద్రంలో వలలు కట్టి సాల్మన్ చేపలు పెంచే పద్ధతిని 2029 జూన్ 30 కల్లా ఆపేయాలని కెనడా ఫెడరల్ ప్రభుత్వం 2024 జూన్‌లో ప్రకటించింది. అప్పటి నుంచి మన గ్రూపుల్లో ఫార్వార్డులు తిరుగుతున్నాయి తప్ప ఎవరూ వివరంగా మాట్లాడుకున్నది లేదు. అందుకే ఈ థ్రెడ్.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ వలలు తీసేయాలి. చేపల పెంపకానికి నేను వ్యతిరేకిని కాను. కానీ అక్కడ చేపకీ సముద్రానికీ మధ్య ఉన్నది వల ఒక్కటే. ఒక్కో ఫారంలో ఐదారు లక్షల చేపలు ఉంటాయి. వాటి మలం, తినగా మిగిలిన మేత, రోగాలు, వేసిన మందులు, అన్నీ ఆ కన్నాల్లోంచి నేరుగా బయటికి పోతాయి. నదుల్లో పుట్టిన వైల్డ్ సాల్మన్ పిల్లలు సముద్రానికి వెళ్ళాల్సింది ఆ నీళ్ళలోంచే.

వాంకూవర్ ద్వీపానికి ఉత్తరాన బ్రాటన్ ద్వీపాల దగ్గర జరిగింది చూడండి. 2001లో అలెగ్జాండ్రా మోర్టన్ అనే పరిశోధకురాలు అక్కడి పింక్ సాల్మన్ పిల్లల మీద విపరీతంగా సముద్రపు పేను (చేప ఒంటికి పట్టి బతికే చిన్న జీవి) ఉండటం గమనించారు. పింక్ సాల్మన్ బతుకు రెండేళ్ళే. 2000లో దాదాపు 36 లక్షలు గుడ్లు పెట్టడానికి వచ్చాయి. వాటి పిల్లలు 2002లో తిరిగి రావాలి. లక్షన్నర కూడా రాలేదు. 2003 వసంతంలో వలస దారిలో ఉన్న కొన్ని ఫారాలు ఖాళీ చేయిస్తే ఆ ఏడాది పిల్లల మీద పేను తగ్గింది. ఇంతకంటే ఏం కావాలి?

క్యాంప్‌బెల్ రివర్ కిషోర్

శ్రీను గారూ, నేను ఈ రంగంలోనే పని చేస్తున్నాను కాబట్టి రెండో వైపు కూడా చెప్పనివ్వండి. మా ఊళ్ళో డైవర్లు, పడవలు నడిపేవాళ్ళు, ప్రాసెసింగ్ ప్లాంటులో నిలబడి పని చేసే ఆడవాళ్ళు చాలామంది దీని మీదే బతుకుతున్నారు. అందులో మనవాళ్ళూ ఉన్నారు.

ఫ్రేజర్ నదికి వచ్చే సాకై రకం సాల్మన్ సంగతి తీసుకోండి. 2009లో కోటికి పైగా వస్తాయని అంచనా వేస్తే 15 లక్షల లోపే వచ్చాయి. దేశమంతా గగ్గోలు పెట్టింది, జస్టిస్ బ్రూస్ కోహెన్ అధ్యక్షతన కమిషన్ వేశారు. ఆ మరుసటి ఏడాది 2010లో దాదాపు మూడు కోట్లు వచ్చాయి. రెండు తరాల పిల్లలూ సముద్రానికి వెళ్ళినప్పుడు ఫారాలు అక్కడే ఉన్నాయి కదా. మరి ఒకసారి చంపినవి ఇంకోసారి ఎందుకు చంపలేదు? ఈ పతనానికి ఫలానాదే కారణమని చూపించలేమని 2012 నివేదికలో కోహెన్ గారే రాశారు.

నది నీళ్ళు వేడెక్కుతున్నాయి. 2014 నుంచి 2016 వరకు ఈశాన్య పసిఫిక్‌లో వేడి నీళ్ళు తిష్ట వేసి మేత గొలుసునంతా దెబ్బతీశాయి. బిగ్ బార్ దగ్గర కొండచరియ విరిగిపడి ఫ్రేజర్‌కి అడ్డం పడింది. అది 2019లో గానీ బయటపడలేదు. వీటి గురించి ఎవరూ బ్యానర్లు పట్టుకోరు. ఫెడరల్ మత్స్యశాఖ శాస్త్రవేత్తలు ఈ సాకై వలస దారిలో ఉన్న డిస్కవరీ దీవుల ఫారాల దగ్గర తొమ్మిది రోగకారకాల మీద అంచనాలు వేసి, ఫ్రేజర్ సాకైకి ముప్పు కనిష్ఠమేనని 2020లో తేల్చారు.

విక్టోరియా వాణి

కిషోర్ గారూ, మీరు చెప్పిన వేడి నీళ్ళు, కొండచరియలు అన్నీ నిజమే. కానీ ఆ తొమ్మిది అంచనాల్లో పేను లేదు. అవి వైరస్‌లు, బ్యాక్టీరియాల వంటి వాటి మీద మాత్రమే, ఒక్కోదాని మీద విడివిడిగా చేసినవి. చేప పిల్లకి అవన్నీ కలిసే వస్తాయి. పేను పట్టిన పిల్లకి, ఆకలితో ఉన్న పిల్లకి, వేడి నీళ్ళలో ఉన్న పిల్లకి రోగం తగిలితే ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న.

పేను గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మొత్తం వాదన దీని చుట్టూనే ఉంది. సముద్రపు పేను ఇక్కడ ఎప్పటి నుంచో ఉన్న జీవే, ఫారాలు తెచ్చినది కాదు. పెద్ద సాల్మన్‌ల మీద ఉంటుంది. శరదృతువులో పెద్ద చేపలు నదిలోకి ఎక్కితే మంచినీళ్ళలో పేను రాలిపోతుంది, తర్వాత చేపలూ గుడ్లు పెట్టి చచ్చిపోతాయి. చలికాలమంతా తీరం దగ్గర పేనుకి పట్టుకోవడానికి చేపలు తక్కువ. వసంతంలో పిల్లలు సముద్రంలోకి దిగే వేళకి నీళ్ళు చాలావరకు శుభ్రంగా ఉంటాయి. పెద్దలూ పిల్లలూ ఒకే సమయంలో ఒకేచోట ఉండరు. పిల్లలకి రక్షణ అదే.

ఫారం వచ్చాక ఆ విరామం పోయింది. లక్షల చేపలు చలికాలమంతా అక్కడే ఉంటాయి, పేను వాటి మీద పెరుగుతూనే ఉంటుంది. మార్చిలో పింక్, చమ్ రకాల సాల్మన్ పిల్లలు దిగుతాయి. అప్పటికి వాటి బరువు గ్రాములో మూడో వంతు కూడా ఉండదు, పొలుసులు కూడా సరిగా వచ్చి ఉండవు. పెద్ద సాల్మన్ మీద పది పేలున్నా ఫరవాలేదు. ఈ పిల్లకి ఒకటీ రెండూ చాలు. వలస నెలల్లో, అంటే మార్చి నుంచి జూన్ వరకు, ఫారంలో చేపకి మూడు పేల కంటే ఎక్కువ ఉండకూడదని బీసీ నియమం. చేపకి మూడే అయినా, ఐదు లక్షల చేపల ఫారంలో ఎన్ని పేలో, అవి ఎన్ని గుడ్లు పెడతాయో లెక్కేసుకోండి.

కోహెన్ గారి మాట కూడా పూర్తిగా చెప్పాలి. కారణం ఫలానా అని తేలలేదన్నారు, నిజమే. కానీ తీవ్రమైన, తిరిగి బాగుచేయలేని నష్టం జరిగే అవకాశాన్ని కొట్టిపారేయలేమని కూడా అన్నారు. డిస్కవరీ దీవుల్లో ఉత్పత్తి పెంచనివ్వొద్దని, 2020 సెప్టెంబర్ 30 నాటికి ముప్పు కనిష్ఠమేనని మత్స్యశాఖ మంత్రికి నమ్మకం కుదరకపోతే అక్కడి ఫారాలు ఆపేయాలని సిఫారసు చేశారు. చివరికి 2023 ఫిబ్రవరిలో మంత్రి జాయిస్ మర్రీ అక్కడి 15 ఫారాల లైసెన్సులు మళ్ళీ ఇవ్వలేదు.

గోదారి గట్టు

నేను రాజమండ్రిలో ఉంటాను, ఇవన్నీ కొత్తగా తెలుసుకుంటున్నాను. చదువుతుంటే మా పులస గుర్తొచ్చింది. అదీ సముద్రం నుంచి వరద నీటికి గోదావరిలోకి ఎదురెక్కి గుడ్లు పెట్టే చేపే. ధవళేశ్వరం ఆనకట్ట దాటి పైకి పోలేదు, ఏటికేడు దొరకడం తగ్గిపోతోంది. అందుకే అడుగుతున్నాను: వలస దారి ఇదని తెలిసినప్పుడు ఆ ఫారాలు సరిగ్గా అక్కడే ఎందుకు పెట్టారు? పక్కకి జరపొచ్చు కదా?

విక్టోరియా వాణి

గట్టు గారూ, ఫారానికి కావలసినవీ చేప పిల్లకి కావలసినవీ ఒకటే. అలల దెబ్బ తగలని చోటు కావాలి, మంచి ప్రవాహం కావాలి, చల్లటి శుభ్రమైన నీళ్ళు కావాలి. వాంకూవర్ ద్వీపానికీ ప్రధాన భూభాగానికీ మధ్య ఉన్న ఇరుకు జలసంధుల్లో అవన్నీ ఉన్నాయి. ఫ్రేజర్ సాకై పిల్లల్లో ఎక్కువ భాగం మే, జూన్ నెలల్లో ఆ ఇరుకుల గుండానే ఉత్తరానికి పోతాయి. బయటి సముద్రంలో పెట్టాలంటే కేజ్‌లు (వలలు కట్టిన పంజరాలు) తుపానులకి ఆగాలి, ఖర్చు ఎన్నో రెట్లు.

భీమవరం రాజు

నేను రొయ్యల రైతునండి, అంతకుముందు చేపల చెరువులు చేశాం. పేను మాట వింటే నాకు బాగా తెలిసిన విషయంలా ఉంది. మా బొచ్చె, శీలావతి చెరువుల్లోనూ చేప పేను వస్తుంది, అది వేరే రకం. చెరువు గట్టు మధ్యలో ఉన్న నీళ్ళు కాబట్టి మందు వేస్తే అక్కడే పని చేస్తుంది. సముద్రంలో ఏం మందు వాడతారండీ?

క్యాంప్‌బెల్ రివర్ కిషోర్

రాజు గారూ, మేతలో ఎమామెక్టిన్ బెంజోయేట్ కలుపుతారు. వెటర్నరీ డాక్టర్ రాసిస్తేనే. ఈ మధ్య మందు తగ్గించి మంచినీటి స్నానం, హైడ్రోజన్ పెరాక్సైడ్ స్నానం, నీటి ధారతో కడిగే పడవలు వాడుతున్నారు.

భీమవరం రాజు

ఎమామెక్టినా! మా బంధువులు గుంటూరు వైపు మిర్చి చేలో పురుగుకి కొట్టేది అదేనండి. పేను కూడా రొయ్యా పీతా జాతిదే కదా. పేనుని చంపేది రొయ్య పిల్లనీ పీత పిల్లనీ ఊరుకుంటుందా? మా రొయ్యల చెరువు దరిదాపుల్లోకి ఆ డబ్బా రానివ్వం. చేప మలంతో అది అడుగు బురదలోకి దిగితే ఎన్నాళ్ళుంటుందో చూడాలండి. పైగా ఒకే మందు ఏళ్ళ తరబడి వాడితే పురుగు మొండికేస్తుంది, మిర్చి రైతు ఎవరినడిగినా చెబుతాడు.

ఇంకొకటి. 1994లో తెల్లమచ్చ రోగం వచ్చినప్పుడు మా తీరం మొత్తం మునిగిపోయింది. ఆ దెబ్బతో నేర్చుకున్నదేమిటంటే బయటి నీళ్ళు నేరుగా చెరువులోకి రానివ్వకూడదు. వడగట్టాలి, బ్లీచింగ్ వేసి శుద్ధి చేయాలి, పీతలు పాకి రాకుండా చుట్టూ వల కట్టాలి, పక్షులు వాలకుండా పైన దారాలు లాగాలి. ఇంత చేసినా వైరస్ వస్తుంది. అలాంటిది వల ఒక్కటే అడ్డంగా పెట్టి రోగం అటూ ఇటూ పోదని అనడం నాకు మింగుడుపడటం లేదు. మా వాళ్ళం ఏదో గొప్పగా చేస్తున్నామని కాదండి. మా చెరువుల నీళ్ళు డ్రెయిన్లలోకి, అక్కణ్ణించి ఉప్పుటేరులోకి వదులుతూనే ఉన్నాం, కొల్లేరు ఏమైందో అందరికీ తెలుసు. అందుకే అక్కడివాళ్ళు ముందే మేలుకుంటే మంచిదంటున్నాను.

విక్టోరియా వాణి

రాజు గారు చెప్పిన మొండితనం ఇక్కడ వచ్చేసింది. నార్వేలో ముందే వచ్చింది, బీసీలోనూ ఎమామెక్టిన్‌కి లొంగని పేను కనిపిస్తోంది.

రోగం అటూ ఇటూ పోవడం మీద కూడా ఆధారం ఉంది. సాల్మన్‌లో పీఆర్‌వీ అనే వైరస్ ఉంటుంది. దాని జన్యుక్రమాలు పోల్చి చూసిన 2021 నాటి అధ్యయనం, అది అట్లాంటిక్ వైపు నుంచి సుమారు 30 ఏళ్ళ క్రితం ఇక్కడికి వచ్చిందని, అంటే ఇక్కడ ఫారాలు విస్తరించిన కాలంలో వచ్చిందని, ఫారాల నుంచి వైల్డ్ చినూక్ సాల్మన్‌కి సోకుతూనే ఉందని తేల్చింది. ఇక్కడి రకం అంత ప్రమాదకారి కాదని మత్స్యశాఖలో ఒక వర్గం వాదన. అదే శాఖలోని ఇంకొందరు శాస్త్రవేత్తలు ఒప్పుకోవడం లేదు. ఒకే శాఖ ఫారాలను ప్రోత్సహించాలి, వైల్డ్ సాల్మన్‌నీ కాపాడాలి. ఈ రెండు బాధ్యతలూ ఒకచోట ఉండకూడదని కోహెన్ కూడా అన్నారు.

సియాటిల్ సుజాత

మా వైపు సంగతి రాస్తాను. 2017 ఆగస్టులో వాషింగ్టన్ రాష్ట్రంలోని సైప్రస్ (Cypress) ద్వీపం దగ్గర కుక్ ఆక్వాకల్చర్ వాళ్ళ కేజ్ కూలిపోయింది. అందులో 3 లక్షలకు పైగా అట్లాంటిక్ సాల్మన్ ఉన్నాయి. సూర్యగ్రహణం వల్ల పోటు ఎక్కువొచ్చిందని కంపెనీ మొదట చెప్పింది. రాష్ట్రం విచారణలో తేలింది వేరు. వలలు శుభ్రం చేయకపోవడంతో వాటికి ఆల్చిప్పలు, నాచు టన్నులకొద్దీ పట్టాయి. ఆ బరువుకి ప్రవాహం తోపుడు తోడై మొత్తం విరిగిపోయింది. తప్పించుకున్నవి రెండున్నర లక్షల దాకా ఉంటాయని తేల్చారు, కంపెనీ చెప్పిన లెక్క కంటే చాలా ఎక్కువ.

అక్కడి మూలవాసులైన లుమ్మి జాతి జాలర్లు రాత్రీపగలూ పడవలేసుకుని వేల సంఖ్యలో పట్టారు. అది వాళ్ళ సాల్మన్ కాదు, వాళ్ళు చేసిన తప్పూ కాదు. అయినా నీళ్ళు వాళ్ళవి కాబట్టి వాళ్ళే దిగారు. 2018లో వాషింగ్టన్ శాసనసభ బయటి జాతుల చేపల్ని కేజ్‌లలో పెంచకుండా చట్టం చేసింది. 2022 నవంబర్‌లో మిగిలిన లీజులు కూడా పొడిగించలేదు. అలాస్కా అయితే 1990లోనే చేపల ఫారాలు వద్దని చట్టం చేసుకుంది.

క్యాంప్‌బెల్ రివర్ కిషోర్

సైప్రస్ దగ్గర జరిగింది నిర్లక్ష్యం, దాన్ని నేనూ సమర్థించను. కానీ ఆ చేపలు ఏమయ్యాయి? అట్లాంటిక్ సాల్మన్ పసిఫిక్ నదుల్లో స్థిరపడదు. గత శతాబ్దంలో ఎన్నోసార్లు కావాలని వదిలినా నిలదొక్కుకోలేదు. ఇక్కడి జాతులతో కలిసి పిల్లల్ని కనే అవకాశం కూడా దాదాపు లేదు.

బెర్గెన్ భాను

కిషోర్ గారి మాట మీ తీరానికి సరిపోతుంది. నేనుండే నార్వేలో ఫారం చేప, నది చేప ఒకే జాతి. ఇక్కడి ఫారం చేపల మూలం 1970లలో దాదాపు 40 నదుల నుంచి తెచ్చిన చేపలు. అప్పటి నుంచి తరతరాలుగా త్వరగా లావెక్కే వాటినే ఎంచి పెంచారు. అవి తప్పించుకుని నదిలోకెక్కి వైల్డ్ సాల్మన్‌తో కలిస్తే పుట్టే పిల్లలు నదిలో తక్కువగా బతుకుతాయి. పరీక్షించిన నదుల్లో మూడింట రెండు వంతుల చోట్ల ఫారం జన్యువులు కలిసిపోయాయి. పేనుకి మందు ఉండొచ్చు, దీనికి లేదు. కలిసిన రక్తాన్ని వెనక్కి తీయలేం.

ప్రపంచంలో అందరికంటే ఎక్కువ సాల్మన్ పెంచేది మేమే, ఏటా సుమారు 15 లక్షల టన్నులు. నియమాలు కూడా మీకంటే గట్టివే. చేపకి సగటున 0.5 ఆడ పేను, వసంతంలో 0.2 మాత్రమే. 2017 నుంచి తీరాన్ని 13 మండలాలు చేసి, పేను ఎంత చంపుతోందో చూసి, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు ఇస్తున్నారు. ఎరుపు పడితే ఉత్పత్తి 6 శాతం తగ్గించాలి. ఇంత చేసినా 2024లో మా బెర్గెన్‌కి రెండు వైపులా ఉన్న మండలాలకి ఎరుపే పడింది. అదే ఏడాది జూన్‌లో వైల్డ్ సాల్మన్ మరీ తక్కువగా రావడంతో 33 నదుల్లో చేపల వేటే ఆపేశారు. తాతల కాలం నుంచి గాలం వేసిన కుటుంబాలు ఆ వేసవి నది ఒడ్డున ఊరికే కూర్చున్నాయి.

ఫారం చేప పరిస్థితి కూడా బాగోలేదు. 2023లో నార్వే సముద్ర కేజ్‌లలో 6 కోట్ల 28 లక్షల సాల్మన్ చచ్చిపోయాయి. పేను వదిలించడానికి వాటిని సుమారు 30 డిగ్రీలకు వేడి చేసిన నీళ్ళలో అరనిమిషం ముంచుతారు. చల్లని నీటి చేపని! పేను తినడానికి వేసే చిన్న చేపలు కోట్లలో పోతున్నాయి. ఈ లెక్కల గురించి నాకు చాలా కోపం ఉంది, దాచుకోను.

నెల్లూరు నవ్య

నేను టొరంటోలో ఉంటున్నాను. నాది చిన్న ప్రశ్న అండీ. కాస్ట్‌కోలో, సూపర్‌స్టోర్‌లో కొనేటప్పుడు ఏది ఫారందో ఏది కాదో ఎలా తెలుస్తుంది? పాపకి వారానికోసారి పులుసు పెడతాను.

సియాటిల్ సుజాత

నవ్యా, లేబుల్ మీద అట్లాంటిక్ సాల్మన్ అని ఉంటే అది ఫారం చేపే అనుకో. కెనడాలో, అమెరికాలో వైల్డ్ అట్లాంటిక్ సాల్మన్‌ని వ్యాపారానికి పట్టడం లేదు. సాకై, పింక్, చమ్ అని ఉంటే వైల్డ్. చినూక్, కోహో రెండు రకాలుగానూ వస్తాయి, న్యూజీలాండ్ చినూక్, చిలీ కోహో ఫారంవి. కాబట్టి దేశం పేరు చూడు. పులుసుకైతే ఫ్రోజెన్ సాకై బాగుంటుంది, ముక్క విడిపోదు. డబ్బాలో పింక్ చవక, వేపుడుకి సరిపోతుంది.

భీమవరం రాజు

నేలమీద ట్యాంకుల్లో పెంచితే ఈ గొడవంతా ఉండదు కదండీ? ఎవరూ చేయడం లేదా?

క్యాంప్‌బెల్ రివర్ కిషోర్

చేశారు రాజు గారూ. మా పక్కనే పోర్ట్ మెక్‌నీల్ దగ్గర నమ్గీస్ అనే మూలవాసీ జాతివాళ్ళు 2013లో కుటెర్రా పేరుతో మొదలుపెట్టారు. చేప బాగా వచ్చింది, లాభం రాలేదు. ఫ్లోరిడాలో అట్లాంటిక్ సఫైర్ అనే పెద్ద కంపెనీకి 2021లో ఒక్క దెబ్బకి దాదాపు 5 లక్షల చేపలు పోయాయి. నీళ్ళు తిప్పి శుద్ధి చేయాలి, చల్లబరచాలి, ఆక్సిజన్ ఎక్కించాలి. కరెంటు బిల్లు ఎలా ఉంటుందో ఏరియేటర్లు నడిపే మీకు నేను చెప్పక్కర్లేదు. పైగా ఆ ట్యాంకులు తినేవాళ్ళకి దగ్గరగా నగరాల పక్కన కడతారు. మా ఊరికి ఏం మిగులుతుంది? నా భయం అదే.

భీమవరం రాజు

నిజమేనండి, ఆ బిల్లు చాలా పెద్దది. కానీ సముద్రం ఇప్పుడు ఊరికే చేసిపెడుతున్న పనికి కట్టే డబ్బు అది. ఇన్నాళ్ళూ ఆ బిల్లు వేరేవాళ్ళు కడుతున్నారు. మేత సంగతీ అంతే. సాల్మన్ మేతలోకి వెళ్ళే చేపపొడి, నూనెలో కొంత పశ్చిమ ఆఫ్రికా తీరం నుంచి వస్తుంది. అక్కడి పేదలు తినే చిన్న చేప అది. మా రొయ్యల మేతలోనూ చేపపొడి ఉంది కాబట్టి మేమూ ఆలోచించాలి.

సర్రే శ్రీను

ఊళ్ళ సంగతి వచ్చింది కాబట్టి ఫస్ట్ నేషన్స్, అంటే ఇక్కడి మూలవాసీ జాతుల గురించి చెప్పాలి. బ్రాటన్‌లో మూడు జాతులు ఏళ్ళ తరబడి పోరాడి 2018 డిసెంబర్‌లో ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నాయి. 17 ఫారాల్లో పదింటిని దశలవారీగా మూసేయాలి, మిగతా ఏడూ 2023 తర్వాత ఆ జాతులు ఒప్పుకుంటేనే ఉండాలి. వాళ్ళకి సాల్మన్ అమ్ముకునే సరుకు మాత్రమే కాదు. పండగలో, చావులో, పిల్లలకి చెప్పే కథలో ఉన్న చేప. ఎలుగుబంట్లు నదిలోంచి లాక్కెళ్ళి వదిలేసిన సాల్మన్ కళేబరాలతో ఒడ్డున చెట్లకి కూడా సముద్రపు నత్రజని అందుతుంది. ఒక్క చేప పోతే అడవి కూడా పలచబడుతుంది.

క్యాంప్‌బెల్ రివర్ కిషోర్

అదే ఫస్ట్ నేషన్స్‌లో క్లెమ్టూ ఊరి కిటాసూ జాతివాళ్ళ మాట కూడా వినండి. ఆ మారుమూల ఊళ్ళో ఉద్యోగాల్లో పెద్ద భాగం సాల్మన్ ఫారానిదే, వాళ్ళు కోరి తెచ్చుకున్నదే. మా నీళ్ళలో ఏం చేయాలో ఒట్టావాలోని ఫెడరల్ ప్రభుత్వం ఎలా నిర్ణయిస్తుందని అడుగుతున్నారు. ఇంకోటి, 2025లో ఫ్రేజర్‌కి సాకై అంచనాకి మించి చాలా ఎక్కువ వచ్చాయి. ఫారాలు మూసినందుకే అని ఒక వర్గం, సముద్రం చల్లబడినందుకని ఇంకో వర్గం అంటున్నాయి.

విక్టోరియా వాణి

ఒక్క ఏడాది చూసి ఎటువైపూ తీర్పు ఇవ్వలేం. సాకై బతుకు ఎక్కువగా నాలుగేళ్ళు, కనీసం రెండు మూడు చక్రాలు చూడాలి. వేడి నీళ్ళను మనం ఈ ఏడాదికి ఆపలేం, కొండచరియలను ఆపలేం. ఫారాన్ని మాత్రం ఆపగలం. అన్ని దెబ్బలూ ఒకేసారి తింటున్న చేపకి మన చేతిలో ఉన్న ఒక్క దెబ్బనైనా తప్పించాలనే నేను 2029 గడువుని గట్టిగా సమర్థిస్తున్నాను.

క్లెమ్టూ విషయంలో కిషోర్ గారి ప్రశ్న న్యాయమైనది. సముద్రంలోనే నీళ్ళు బయటికి పోకుండా మూసిన కేజ్‌లకి 2029 తర్వాత కూడా దారి ఉంచారు. వాళ్ళ ఊళ్ళో అది పెట్టడానికి డబ్బు ఫెడరల్ ప్రభుత్వమే ఇవ్వాలి. మీ ఊళ్ళో డైవర్లకి, ప్లాంటు పనివాళ్ళకి కూడా జీతం ఆగకముందే వేరే పని చూపించాలి. ఎంపీలకి రాసేవాళ్ళు గడువు గురించి రాసినంత గట్టిగా ఇదీ రాయండి.

గోదారి గట్టు

మా అబ్బాయి కమ్లూప్స్‌లో చదువుకుంటున్నాడు. వచ్చే ఏడాది మేమిద్దరం వద్దామనుకుంటున్నాం. ఈ చేపలు ఎదురెక్కడం చూడాలంటే ఎప్పుడు రావాలి?

విక్టోరియా వాణి

తప్పకుండా రండి. కమ్లూప్స్‌కి తూర్పున చేజ్ ఊరు దాటాక ఆడమ్స్ నది. అక్కడ సాకై నాలుగేళ్ళకోసారి బాగా ఎక్కువగా వస్తాయి: 2010, 2014, 2018, 2022. తర్వాతది 2026. అక్టోబర్ మొదటి మూడు వారాల్లో వస్తే మంచిది. పొద్దున్నే వెళ్ళండి, శనాదివారాలు పార్కింగ్ దొరకదు. నీళ్ళలోకి దిగకండి, గుడ్లు గులకరాళ్ళ కింద ఉంటాయి.